ఒకే గడిలో ఇద్దరు

పంచాంగం చూడటం రాకపోయినా మైపాడు తీరంలో వల లాగేవాళ్లకు ఒక గ్రహయుతి బాగా తెలుసు. దాని పేరు అమావాస్య. ఆ రోజుల్లో పోటు బాగా ఎక్కి వస్తుంది, పాటు కూడా అంత దూరం దిగిపోతుంది. అమావాస్య ఇన్ని గంటల ఇన్ని నిమిషాల వరకు అని పంచాంగంలో రాస్తారు కదా, ఆ నిమిషానికి సూర్యచంద్రుల స్ఫుటాలు, అంటే రాశిచక్రంలో వాళ్లున్న స్థానాలు, రెండూ ఒకటే అని అర్థం. అక్కణ్ణించి చంద్రుడు సూర్యుడికంటే 12 డిగ్రీలు ముందుకు జరిగితే పాడ్యమి అయిపోతుంది. మనం రోజూ పలికే తిథి కూడా రెండు గ్రహాల మధ్య ఎడమే.

యుతిని చదవడం ఇక్కడే మొదలుపెట్టాలనేవారు మా వైపు సిద్ధాంతి ఒకాయన. ఆయన చక్రం వేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకిష్టం. ఫలితం నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది. ఆ పనిలోని వరస మాత్రం చూడదగ్గది. "ఫలితానికి తొందరేముందబ్బయ్యా, ముందు లెక్క కానీ" అనేవారు.

2020 డిసెంబర్ 21 నాటి గురు శనుల యుతినే తీసుకుందాం. చతురస్రం గీసి, చుట్టూ 12 గళ్లు. పై వరసలో ఎడమ మూల మీనం, దాని పక్కన మేషం, అలా కుడిచేతివైపు తిరిగి వస్తే ఎడమ కింది మూల ధనుస్సు. దాని నెత్తిన ఉన్న గడి మకరం. అందులో 'గు', 'శ' అని రెండు అక్షరాలు పడతాయి. చాలామంది ఇక్కడే ఆగి, గురుశనులు కలిశారని చెప్పేస్తారు. ఆయన ఆగరు. ఒక్కో అక్షరం కింద భాగలు (డిగ్రీలు), లిప్తలు (భాగలో అరవయ్యో వంతులు) వేస్తారు.

ఎందుకంటే గడి 30 భాగల పొడవు. ఒకరు మొదటి భాగలో, ఇంకొకరు 29వ భాగలో ఉన్నా గడి ఒకటే, కలయిక మాత్రం పేరుకే. ఆ రోజు లాహిరి అయనాంశ ప్రకారం ఇద్దరూ మకరంలో 6 భాగలు దాటి, ఉత్తరాషాఢ 3వ పాదంలో ఉన్నారు. ఆకాశంలో ఇద్దరి ఎడం సుమారు 6 లిప్తలు, చందమామ వెడల్పులో ఐదో వంతు. శని నడక అప్పుడు రోజుకు 7 లిప్తలు, గురుడిది దాదాపు 13. అంటే వెనకనుంచి వచ్చి అందుకున్నది గురుడు. ఇలా కలవబోవడాన్ని తాజిక పద్ధతిలో ఇత్థశాలం అంటారు, కలిసి విడిపోవడాన్ని ఈసరాఫం. రెండూ అరబ్బీ మాటలే, సంస్కృతంలోకి వచ్చి వేషం మార్చుకున్నాయి.

తరువాతి ప్రశ్న, ఇది ఎలాంటి కలయిక? సూర్యసిద్ధాంతం ఇక్కడ మంచి విభజన చేసింది. సూర్యుడితో కలిస్తే అస్తమయం, మనం మూఢం అనేది అదే. చంద్రుడితో కలిస్తే సమాగమం. కుజ, బుధ, గురు, శుక్ర, శనులు తమలో తాము కలిస్తేనే యుద్ధమా, సమాగమమా అన్న విచారణ. గురుడికి 11, శనికి 15 భాగల లోపు సూర్యుడుంటే మూఢం. ఆ రోజు సూర్యుడు 30 భాగల వెనక ధనుస్సులో ఉన్నాడు, ఆ బెడద లేదు. ఇక యుద్ధంలో రకాలు. ఒక బింబం మరో బింబాన్ని కప్పితే భేదం, అంచులు తాకితే ఉల్లేఖం, కిరణాలు కలగలిస్తే అంశువిమర్దం, ఒక డిగ్రీకి లోపు ఎడమైతే అపసవ్యం. గెలిచిందెవరు? ఉత్తరాన ఉన్నవాడిది పైచేయి అంటారు. దక్షిణాన ఉన్నా కాంతి, బింబం పెద్దవైతే వాడిదే గెలుపనీ అంటారు. ఆ రోజు ఉత్తరాన ఉన్నది శని, వెలుగు ఎక్కువ గురుడికి. ఈ చోట ఆయన కలం కాసేపు ఆగేది.

అప్పుడు ఇల్లు ఎవరిదో చూస్తారు. మకరం శనికి స్వక్షేత్రం, గురుడికి నీచ, అంటే బలం తగ్గే చోటు. ఈ గురుడు నవంబర్ 20న మకరంలో అడుగుపెట్టాడనే కర్నూలులో తుంగభద్ర పుష్కరాలు మొదలయ్యాయి. పరమనీచ 5వ భాగ, దాన్ని అప్పటికే దాటాడు. రాశిని తొమ్మిది ముక్కలు చేసి చూసే నవాంశలో ఇద్దరూ కుంభంలో పడ్డారు, అదీ శని ఇల్లే. అతిథి నీరసంగా ఉన్నాడు గానీ ఇంటాయన ఇంట్లోనే ఉన్నాడు. నీచదోషం తొలగడాన్ని చెప్పే నీచభంగం అనే మాటకు ఆధారం ఇక్కడే దొరుకుతుంది.

చివరికి లగ్నం, అంటే ఆ వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి. అది మేషమనుకుందాం. మేషలగ్నానికి గురుడు 9, 12 స్థానాలకు, శని 10, 11 స్థానాలకు అధిపతులు. తొమ్మిదో అధిపతి, పదో అధిపతి కలిశారు, అదీ పదో ఇంట్లో. ధర్మకర్మాధిపతి యోగం! అనుభవం లేనివాడు ఇక్కడ సంబరపడిపోతాడు. పరాశర హోర మాత్రం మేషలగ్నానికి గురుశనులు ఊరికే కలిసినంత మాత్రాన శుభఫలం రాదని ప్రత్యేకంగా చెప్పింది. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చేవి ఇలాంటి మినహాయింపులే. సూత్రం రాసినవాడే దానికి కళ్లెం కూడా వేశాడు.

ఈ వరస వదిలేస్తే ఏమవుతుందో 1962 ఫిబ్రవరిలో దేశమంతా చూసింది. మకరంలో ఏడు గ్రహాలు, వాటితో కేతువు. అష్టగ్రహ కూటమి అన్నారు, ప్రళయమన్నారు, ఊరూరా యజ్ఞాలు చేశారు. ప్రళయం రాలేదు. ఆ భయమంతా గడిలో తలకాయలు లెక్కపెట్టడంతో పుట్టింది.

2020లో ఆ జంట పొద్దుగుంకాక పడమట కనిపించింది. మైపాడులో నిలబడి చూడాలంటే సముద్రానికి వీపు పెట్టి ఊరివైపు తిరగాలి. గురుశనులు మళ్లీ కలిసేది 2040 అక్టోబర్ చివర, కన్యారాశిలో. అప్పటి ఎడం ఒక డిగ్రీ దాటుతుంది కాబట్టి పై లెక్కలో అది అపసవ్యం కాదు. సూర్యుడికి ముందే ఉదయిస్తారు కనుక, ఈశాన్య రుతుపవనాల మబ్బు అడ్డురాకపోతే, ఈసారి తెల్లవారుజామున సముద్రం మీదే కనిపిస్తారు.