కొండతోట విద్య, కారిడార్ కుండీలో

ఆల్ప్స్ చిట్టి డైసీ ఆస్టర్ ఆల్పినస్‌కు చలి కావాలి, వేర్ల దగ్గర తడి నిలవని కంకర నేల కావాలి. సింగపూర్‌లో రాత్రి కూడా ఉక్కపోతే. ఏడాదికి సుమారు 2,100 మిల్లీమీటర్ల వాన. అందుకే చలిదేశపు పూలను మరీనా తీరాన 2012లో తెరిచిన ఫ్లవర్ డోమ్‌లో, చల్లబరిచిన గాజుగూటిలో పెంచుతున్నారు.

అదే సింగపూర్‌లోని పాయా లెబార్ ఫ్లాట్ల కారిడార్లలో అంత హంగెక్కడిది!

అక్కడ నేర్పంతా కుండీలోనే చూపాలి. మట్టి తక్కువ, ప్యూమిస్, ఇటుక ముక్కలు ఎక్కువ. మొక్క మొదలు చుట్టూ గులకరాళ్లు. వానజల్లు కొట్టినా నీరు ఇట్టే జారిపోతుంది. డైసీ బతకదు గానీ, ఎండ తగిలేచోట మన నాచుపూలు, ఎడారి గులాబీలు విరగబూస్తాయి. కొండతోట విద్యే ఇది, మొక్క మారిందంతే.

అగ్నిమాపక నిబంధన ప్రకారం కారిడార్‌లో నడకకు 1.2 మీటర్ల దారి వదలాలి. కుండీలు గోడవారగా ఒద్దికగా నిలబడేది అందుకే.