పెద్దమనిషి దొంగ: ‘లూపిన్’ ధారావాహికలో పలాయనమూ విడుదలా

టెలివిజన్ కథలను గురించి మన వేదాంత పత్రికలలో వ్యాసాలు రావడం అరుదు. వచ్చినా అవి ఎక్కువగా హెచ్చరికలే. యౌవనస్థులు దొంగను మెచ్చుకుంటున్నారు, కాలం చెడిపోయింది అనే ధోరణిలో సాగి, ఎనిమిదవ ఆజ్ఞతో ముగుస్తాయి. ఫ్రెంచి భాషలో తయారై 2021 జనవరి 8న నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన ‘లూపిన్’ను నేనూ మొదట ఆ దృష్టితోనే చూడటం ప్రారంభించాను. మా సంఘ యౌవనస్థుల కూడికలో ఒక అబ్బాయి నన్నడిగాడు: “అయ్యగారూ, యోసేపు తమ్ముడి గోనెలో గిన్నె పెట్టించడానికీ, వీడు హారం మాయం చేయడానికీ తేడా ఏంటండీ?” ఏదో జవాబు చెప్పాను. అది జవాబు కాదని అతనికీ తెలిసింది, నాకూ తెలిసింది.

చూడని కాపరుల కొరకు కథ క్లుప్తంగా చెబుతాను. సెనెగల్ నుండి పారిస్‌కు వలస వచ్చిన బాబకార్ డియోప్, పెలెగ్రిని అనే సంపన్నుని ఇంట కారు డ్రైవరు. ఆ ఇంట ఉన్న మేరీ ఆంటోనెట్ రాణి హారం ఒకనాడు మాయమవుతుంది. నేరం డ్రైవరు మీద పడుతుంది. ఒప్పుకుంటే మేలు జరుగుతుందని యజమాని భార్య ఆన్ చెప్పిన మాట నమ్మి, చేయని నేరాన్ని ఒప్పుకుంటూ అతడు ఉత్తరం రాస్తాడు. చివరకు చెరసాలలో ఉరివేసుకుంటాడు. బీమా సొమ్ము కొరకు ఆ దొంగతనాన్ని కల్పించినవాడు యజమానే. కొడుకు అసాన్‌కు మిగిలినది తండ్రి ఇచ్చిన ఒక పుస్తకం, అంటే ఆర్సెన్ లూపిన్ అనే పెద్దమనిషి దొంగ కథలు. 25 ఏళ్ల తరువాత అతడు ఆ పుస్తకాన్నే విద్యగా, ఆయుధంగా చేసుకొని లువ్ర్ మ్యూజియంలో వేలానికి వచ్చిన అదే హారాన్ని ఎత్తుకుపోతాడు. అసాన్‌గా నటించినది ఒమర్ సీ. ఆయన నవ్వు లేకపోతే ఈ ధారావాహికలో సగం లేదు.

పెద్దమనిషి దొంగ కొత్త పాత్ర కాదు. ఇంగ్లండులో హార్నంగ్ 1899లో ప్రచురించిన పుస్తకంలో రాఫుల్స్ అనే దొంగ ఉన్నాడు. క్రికెట్ ఆడుతూ, గొప్పవారి విందులకు వెళుతూ, ఆ విందులిచ్చిన ఇళ్లనే దోచుకుంటాడు. 1977లో బ్రిటిష్ టెలివిజన్ కూడా అతనిని ధారావాహికగా తీసింది. మోరిస్ లెబ్లాన్ తన లూపిన్‌ను 1905లో ఒక ఫ్రెంచి పత్రికలో ప్రవేశపెట్టాడు. వీరిద్దరూ పై తరగతి మధ్యనే తిరిగే దొంగలు. మన సినిమాల బందిపోట్లకూ వీరికీ తేడా ఇదే. మన బందిపోటు దోచి పంచుతాడు, వీరు దోచి నవ్వుతారు.

లెబ్లాన్ తొలి కథలలో ఒకటి ఈ రాణి హారం గురించినదే. అందులో ఒక పేదరాలు గొప్పింటి చెలికత్తెగా ఉంటూ పనిమనిషిలా అవమానాలు పడుతుంది. హారం పోతే అనుమానం ఆమె మీదికే వెళుతుంది. అసలు తీసినవాడు ఆమె చిన్న కొడుకు. అతడే తరువాత లూపిన్. ఇప్పటి ధారావాహిక ఈ కథను తీసుకొని ఒక్క మార్పు చేసింది. పేదవాని ఇంట ఎవరూ దొంగతనం చేయలేదు, ధనికుడే తన ఇంటి సొత్తును తానే మాయం చేశాడు. లెబ్లాన్ పాఠకులకు చిలిపి తనం సరిపోయింది. ఈ ప్రేక్షకులకు న్యాయం కూడా కావాలి. నా దృష్టిలో ఈ ధారావాహిక ఆకర్షణకు వేరు ఇక్కడే ఉంది గాని తాళాలు తెరిచే నేర్పులో లేదు.

లువ్ర్ సన్నివేశాన్ని ఓపికగా చూడండి. అసాన్ రాత్రి పూట అక్కడ నేల తుడిచే పనివాడు. పగలు వేలంలో కూర్చునే ధనవంతుడు కూడా అతడే. హారాన్ని చెత్తబుట్టలో పడవేసి, తరువాత చెత్త ఎత్తే పనివాడుగా వచ్చి పట్టుకుపోతాడు. పనివాని ముఖం ఎవరూ గుర్తుపెట్టుకోరు గనుక ఇదంతా సాధ్యమైంది. ఇక మన సంఘాలలో కూర్చున్నవారిని తలచుకోండి. రోడ్లు ఊడ్చే మున్సిపాలిటీ కార్మికులు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, నాలుగిళ్లలో అంట్లు తోమి ఆదివారం తెల్లచీర కట్టుకొని వచ్చే తల్లులు. ఎవరికీ కనబడకపోవడం వారికి ప్రతిదినం కలిగే అవమానం. ఈ కథలో అదే అవమానం ఒక శక్తిగా మారిపోతుంది. ఆ తల్లుల పిల్లలు ఫోనులో దీనిని చూసి మురిసిపోతే, దొంగతనం మీద మోజు అని మనం తీర్పు చెప్పడం తొందరపాటు.

పలాయనం అనే మాటను గురించి కూడా కొంచెం ఆగి ఆలోచించాలి. ఈ ధారావాహిక వెలువడిన జనవరిలో ఫ్రాన్సులో సాయంత్రం తరువాత కర్ఫ్యూ ఉండేది. అసలు లువ్ర్ మ్యూజియమే 2020 అక్టోబరు చివర మూతబడి 2021 మే 19న గాని తెరుచుకోలేదు. పారిస్ ప్రజలు తాము అడుగుపెట్టలేని భవనంలో ఒక నల్లజాతివాడు ఇష్టం వచ్చినట్లు తిరగడాన్ని ఇంట్లో కూర్చుని చూశారు. తొలి 28 రోజులలో 7 కోట్లకు పైగా గృహాలు దీనిని చూశాయని నెట్‌ఫ్లిక్స్ లెక్క. టోల్కీన్ 1939లో ఇచ్చిన ఉపన్యాసంలో ఒక భేదం చూపించాడు. చెరలో ఉన్నవాడు ఇంటిని తలచుకొని తప్పించుకోజూడటం వేరు, సైనికుడు యుద్ధం విడిచి పారిపోవడం వేరు. విమర్శకులు ఈ రెండింటినీ కలిపేసి నిందిస్తారని ఆయన ఫిర్యాదు. లూపిన్‌లో ఈ రెండూ ఉన్నాయి. మొదటి ఐదు భాగాలలో చెరలో ఉన్నవాని పలాయనం ఉంది, ఎందుకంటే చెరలో చనిపోయిన తండ్రి పేరు మీద మచ్చ ఇంకా ఉంది. పోనుపోను సైనికుని పలాయనం ఎక్కువవుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన మూడవ విడతలో అసాన్ తాను చనిపోయినట్లు నటిస్తాడు. కొడుకు రావుల్, కొడుకు తల్లి క్లెయిర్ నిజంగానే ఏడుస్తారు. తండ్రి లేని బాధ తెలిసినవాడే కొడుకును తండ్రి లేనివాడుగా చేస్తాడు. కథ దీనిని గమనించినట్లే గమనించి, మరో మారువేషంలోకి వెళ్లిపోతుంది. ఆ విడత నాకు బలహీనంగా తోచింది. తండ్రి సంగతి రెండవ విడతలోనే తేలిపోయింది గనుక ఇక మిగిలినవి గారడీలే.

మొదటి విడతలోనూ నన్ను ఇబ్బందిపెట్టిన సన్నివేశం ఒకటుంది. అసాన్ పోలీసు వేషంలో ఒక వృద్ధురాలి ఇంటికి వెళ్లి, దొంగల నుండి కాపాడతానని చెప్పి ఆమె నగలు పట్టుకుపోతాడు. ఆ సంపద బెల్జియన్ కాంగో రోజులలో వచ్చిందని ఆమె గర్వంగా చెప్పుకుంటుంది. ఇక మనకు జాలి కలగదు. చిన్న ఓడతో దోచినవాడిని దొంగ అని, పెద్ద నౌకాదళంతో దోచినవాడిని చక్రవర్తి అని పిలుస్తున్నారన్న ఓడదొంగ వాదాన్ని అగస్టీన్ ‘దేవుని పట్టణం’ నాలుగవ పుస్తకంలో ప్రస్తావించాడు. ఆ వాదం ఇక్కడ చక్కగా అతుకుతుంది. అయితే అగస్టీన్ దానిని చక్రవర్తిని తగ్గించడానికి వాడాడు గాని ఓడదొంగను నీతిమంతునిగా తీర్చడానికి కాదు. కాంగో ప్రజలకు ఆ నగలలో ఒక్కటీ తిరిగి వెళ్లలేదు. నిర్గమకాండము 22వ అధ్యాయం, లూకా 19లో జక్కయ్య, ఇద్దరూ నష్టపోయినవానికి తిరిగి చెల్లించడం గురించి మాట్లాడతారు. ఈ ధారావాహికలో పోగొట్టుకున్నవానికి ఏదీ తిరిగి రాదు.

ప్రభువు రాకడ దొంగ వచ్చినట్లుంటుందనే వాక్యాన్ని (మత్తయి 24:43) పట్టుకొని క్రీస్తును దైవిక లూపిన్‌గా ప్రసంగించాలని ఉత్సాహపడే విద్యార్థులకు ఒక మాట. ఆ పోలిక ఎదురుచూడని గడియను గురించినది, దోపిడీని గురించినది కాదు.

ఈ కథకు దగ్గరగా ఉన్న బైబిలు భాగం నాబోతు ద్రాక్షతోట (1 రాజులు 21). అక్కడా దొంగతనం కాగితాల మీదనే జరిగింది. రాజముద్ర, ఉత్తరాలు, ఇద్దరు సాక్షులు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఏలీయా మారువేషంలో రాలేదు, తోటలోకే వెళ్లి ముఖాముఖిగా అడిగాడు. అయినా నాబోతు తిరిగి బ్రతకలేదు. అది మనం ప్రసంగాలలో తేలికగా దాటిపోయే సంగతి.

ఇక్కడ ఆన్ పెలెగ్రిని దగ్గర ఆగక తప్పదు. ఆమె చెడ్డది కాదు. భర్త మాట నమ్మింది, డ్రైవరుకు మంచి అనుకున్న సలహా ఇచ్చింది, తరువాత తన పేరు చెప్పకుండా ఆ పిల్లవాని చదువుకు డబ్బు కట్టింది. విమర్శకులు ఆమెను పట్టించుకోరు. నన్ను మాత్రం ఆమె వెంటాడింది. కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక సహోదరి పనిచేసే ఇంట గొలుసు పోయింది. ఆ ఇంటివారు కూడా మందిరానికి వచ్చేవారే. ఆమెను స్టేషనుకు పిలిచి ఒక దినమంతా కూర్చోబెట్టారు. నేను వెళ్లాను. “గొడవ పెద్దది కాకుండా క్షమించమని అడిగేయమ్మా, దేవునికి నిజం తెలుసు గదా” అని చెప్పాను. తాను చేయనిదానికి ఆమె క్షమాపణ అడిగింది. రెండు వారాలకు గొలుసు ఒక సూట్‌కేసు లోపలి గుడ్డలో దొరికింది. ఆ మాట ఆమెకు ఇంకో పనిమనిషి ద్వారా తెలిసింది గాని ఆ ఇంటివారు చెప్పలేదు. కూడికలో నన్ను ప్రశ్న అడిగిన అబ్బాయి ఆమె కొడుకు.

కాబట్టి అతని ప్రశ్నను నేను మళ్లీ చదువుకున్నాను. ఆదికాండము 42 మొదలు 45 వరకు యోసేపు చేసినదంతా లూపిన్ పనే. మారుపేరు, పరభాష, గోనెలలో తిరిగి పెట్టించిన రూకలు, 44వ అధ్యాయంలో బెన్యామీను మీద మోపించిన గిన్నె దొంగతనం. (అసాన్ స్నేహితుని పేరు కూడా బెన్యామీనే, ఫ్రెంచిలో బెంజమిన్. కాకతాళీయమే గాని చూస్తూ నవ్వుకున్నాను.) తానూ అబద్ధపు నేరం మీద చెరసాలకు వెళ్లినవాడే. మంచివాడు గనుక అతని మోసం మోసం కాదని చెప్పే వ్యాఖ్యానాలు నాకు తృప్తి కలిగించలేదు. వాక్యభాగం అతనిని అలా సమర్థించడం లేదు. అక్కడ జరిగేది వేరు. తమ్ముని బదులు నన్ను దాసునిగా ఉంచుకొమ్మని యూదా ముందుకు వస్తాడు (44:33). ఒకప్పుడు అన్న వెండికి అమ్మేద్దామన్నది ఈ యూదానే. ఆ మాట విన్న తరువాత యోసేపు వేషం నిలువలేదు. అందరినీ బయటికి పంపి, పెద్దగా ఏడ్చి, తన పేరు చెప్పాడు. ఆటను ఆపినది యోసేపు తెలివి కాదు, దోషి ఒకడు బాధ్యత తలకెత్తుకోవడం.

అసాన్ కథలో యూదా లేడు. పెలెగ్రినిని నాటకశాలలో అరెస్టు చేస్తారు గాని, నేను చేశానని అతడు బాబకార్ కొడుకు ఎదుట తలవంచడు. అందుకే అసాన్ వేషం విప్పలేడు. మూడవ విడత ముగింపులో ఇద్దరూ చెరసాలలో పక్కపక్క గదులలో ఉంటారు. ఆ దృశ్యాన్ని తమాషాగా తీశారు. నాకు అది ఆ ధారావాహిక మొత్తంలో అతి దుఃఖకరంగా కనిపించింది.

2025 అక్టోబరు 19న నిజంగానే లువ్ర్‌లో దొంగతనం జరిగింది. పనివారి చొక్కాలు తొడుక్కున్న మనుషులు నిచ్చెన లారీతో అపోలో గదిలోకి ఎక్కి, ఏడెనిమిది నిమిషాలలో 8 రాజాభరణాలు పట్టుకుపోయారు. విలువ 8.8 కోట్ల యూరోలని అధికారులు చెప్పారు. ప్రపంచమంతా వెంటనే లూపిన్ పేరు తలచుకుంది. కాని అక్కడి కాపలావారిని కోత యంత్రాలతో బెదిరించారు. జీతానికి నిలబడిన ఆ కాపలావారిని గురించి ఎవరు ఎక్కువగా మాట్లాడారు? అగస్టీన్ ‘ఒప్పుకోలు’ మూడవ పుస్తకంలో తన నాటకాల పిచ్చిని తలచుకొని, సహాయానికి పిలవని జాలి ఏపాటి జాలి అని నిలదీసుకున్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆ అబ్బాయికి యూదా సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “మరి మా అమ్మ విషయంలో యూదా ఎవరండీ?” అన్నాడు. ఆ వారంలోనే ఆ ఇంటికి వెళ్లాను. నేను తప్పు సలహా ఇచ్చానని, వారు ఆమెకు ఒక మాట చెప్పవలసి ఉందని చెప్పాను. ఇంటాయన మర్యాదగా కాఫీ ఇప్పించి, “అప్పుడెప్పుడో సంగతి గదండీ అయ్యగారూ” అన్నారు. కాఫీ తాగకుండానే లేచి, ఆమె ఇంటికి వెళ్లి, నా వంతు నేను చెప్పుకున్నాను. ఆమె వింటూ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.