ఎనిమిది రెక్కల మర, మట్టిగోడల మర

గాలిమర అనగానే ఇవాళ మనకు అనంతపురం వైపు రామగిరి కొండల మీద తిరిగే తెల్లటి కరెంటు మరలు గుర్తుకొస్తాయి. నేను చెప్పబోయేవి పిండి విసిరే మరలు. ఒకటి ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లోని హెకింగ్టన్ గ్రామంలో ఉంది. రెండోది ఇరాన్ ఈశాన్యాన, అఫ్గాన్ సరిహద్దుకు దగ్గర్లోని నష్తీఫాన్‌లో ఉంది. అక్కడ ఒకటి కాదు, ముప్పై దాకా మరలు వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. రెండు ఊళ్లూ తమ మరల్ని పోగొట్టుకోకూడదనే అనుకున్నాయి. కానీ ఒక ఊరు కాపాడినది వేరు, రెండో ఊరు కాపాడినది వేరు.

నష్తీఫాన్ మరను మన తిరగలితో పోల్చి చెబితే ఇట్టే అర్థమవుతుంది. తిరగలి పైరాయికి పిడి తీసేసి, నడిమధ్య ఒక నిలువు మాను బిగించి, ఆ మాను చుట్టూ చెక్కపలకలు కట్టారనుకోండి. అదే ఆ మర. పళ్లచక్రాలు లేవు. పైన మాను ఒక చుట్టు తిరిగితే కింద రాయీ ఒక చుట్టే తిరుగుతుంది. ఎత్తైన మట్టిగోడలు గాలిని ఒక పక్క పలకల మీదికే తోస్తాయి, రెండో పక్కను మరుగు చేస్తాయి. ఆ మరుగు లేకపోతే గాలి రెండు పక్కలా సమానంగా కొట్టి మర కదలనే కదలదు. ఎండాకాలంలో నూట ఇరవై రోజుల గాలి అని అక్కడివాళ్లు పిలిచే గాలి ఒకే దిక్కు నుంచి వీస్తుంది కాబట్టే కదలని గోడ సరిపోయింది. దక్షిణాన ఉన్న సీస్తాన్‌లోని గాలిమరల గురించి పదో శతాబ్దపు అరబ్బు భూగోళ రచయితలే రాశారు. ఫారసీలో వీటిని ఆస్‌బాద్ అంటారు. ఆస్ అంటే తిరగలి, బాద్ అంటే గాలి. ఇంత సూటి పేరున్న యంత్రాన్ని నేను మరొకటి చూడలేదు.

హెకింగ్టన్ గాలికి ఒక దిక్కంటూ లేదు. అందుకని అక్కడి ఇటుక బురుజు నెత్తిన తెల్లటి ఉల్లిగడ్డలాంటి టోపీ పెట్టి, వెనక చిన్న విసనకర్ర చక్రం ఒకటి అమర్చారు. గాలి మారగానే ఆ చక్రం తిరిగి టోపీని, దానితోపాటు రెక్కల్ని గాలికి ఎదురుగా తెస్తుంది. 1830లో కట్టినప్పుడు ఈ మరకు ఐదు రెక్కలే. 1890లో వచ్చిన గాలివానలో గాలి వెనకనుంచి కొట్టి రెక్కల్నీ టోపీనీ ఊడబీకింది. ఆ మోడును జాన్ పాక్లింగ్టన్ అనే ఆయన కొన్నాడు. బోస్టన్ పట్టణం దగ్గర స్కర్బెక్‌లో మూతపడిన ఎనిమిది రెక్కల మర సామగ్రి తెచ్చి, 1892 నాటికి ఈ బురుజుకు తొడిగాడు. ఎనిమిది రెక్కలు ఆడంబరం కోసం కాదు. ఐదింటిలో ఒకటి విరిగితే తూకం తప్పి మర ఆగిపోతుంది. ఎనిమిదింటిలో ఒకటి విరిగితే దాని ఎదుటిది కూడా తీసేసి ఆరింటితో నడిపించుకోవచ్చు.

పునరుద్ధరణ గురించి వాదించేవాళ్లంతా ఈ కథను గట్టిగా పట్టించుకోవాలి. హెకింగ్టన్‌లో ‘అసలు మర’ ఏది? 1830 నాటి ఐదు రెక్కలదా, వేరే ఊరి అవయవాలు అతికించుకున్న 1892 నాటిదా? పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచడమే పవిత్రమని పాక్లింగ్టన్ అనుకుని ఉంటే, ఇవాళ అక్కడ మిగిలేది మొండి బురుజే. ఆ మర 1946 దాకా పనిచేసింది. 1953లో అక్కడి కౌంటీ కౌన్సిల్ కొన్నది. 1986లో మళ్లీ పిండి విసిరింది. ఎనిమిది రెక్కలతో పనిచేసే గాలిమర ప్రపంచంలో ఇప్పుడు ఇదొక్కటే. దాన్ని నడిపించే ట్రస్టు, దాని చుట్టూ చేరిన స్వచ్ఛంద సేవకులు లేకపోతే 1986 పని ఇవాళ్టి దాకా నిలిచేది కాదు.

నష్తీఫాన్ మరల్ని 2002లో ఇరాన్ ప్రభుత్వం జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. తరవాత ఇరాన్ ఆస్‌బాద్‌లు యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. మంచిదే. కానీ చాలా ఏళ్లు ఆ మరల్ని కనిపెట్టుకుని ఉన్నది ఒక్క వృద్ధుడు. తన తరవాత ఈ పని అందుకోవడానికి ఎవరూ రావడం లేదని ఆయన పడ్డ బాధను పరదేశపు పత్రికలు రాశాయి. ఆ వార్త చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఎందుకంటే మట్టిగోడను మళ్లీ మెత్తవచ్చు. ఎక్కడ బీట వేసిందో కొలిచి బొమ్మ గీయవచ్చు. కాని రాయి సంగతి వేరు. మా చిన్నప్పుడు వీధిలో ‘తిరగలికి కక్కు కొడతాం’ అని కేక వినిపిస్తే మా నాయనమ్మ తిరగలి పైరాయి ఎత్తి వెల్లకిలా వేసేది. అతను ఉలితో దెబ్బ దెబ్బకూ రాతిపొడి ఊదుకుంటూ, అరచేత్తో తడిమి, ఎక్కడ నున్నబడిందో అక్కడే కొట్టేవాడు. లోతు ఎక్కువైతే పిండిలో రవ్వ వస్తుంది. తక్కువైతే గింజ నలగక రాయి వేడెక్కుతుంది. ఇంగ్లండు మరగాడికీ, ఇరాన్ మరగాడికీ ఈ తెలివి అరచేతిలోనే ఉండేది. కట్టడాల జాబితా ఏదీ దాన్ని రాసుకోలేదు.

ఈ సంగతి ముందుగానే గ్రహించినవాళ్లు డచ్చివాళ్లు. అక్కడ 1972లో స్వచ్ఛంద మరగాళ్ల సంఘం పుట్టింది. చేరినవాళ్లకు గాలిని, మబ్బును, తెరచాప బిగింపును, రాతినీ నేర్పి, పరీక్ష పెట్టి మర అప్పగిస్తారు. 2017లో యునెస్కో నెదర్లాండ్స్ మరగాళ్ల వృత్తినే మానవాళి వారసత్వంగా గుర్తించింది. భవనానికి కాదు, పనికి దక్కిన గౌరవం అది.

కట్టడంగా చూస్తే నా మనసు నష్తీఫాన్ వైపే. తిరగలి రాయి కాక, ఊళ్లో దొరికే మట్టి, గడ్డి, చెక్క తప్ప మరేదీ అడగని యంత్రం అది. పునరుద్ధరణగా తూచితే మాత్రం హెకింగ్టన్‌దే పైచేయి. అక్కడ మర తిరుగుతోంది, పిండి వస్తోంది, కొత్తవాళ్లు నేర్చుకుంటున్నారు. ఆస్‌బాద్‌ల కోసం ఇకముందు ఎవరు డబ్బు పెట్టినా, గోడకు మట్టి తెచ్చేముందు ఇద్దరు కుర్రాళ్లను పనిలోకి తీసుకుని, నేర్చుకున్నన్నాళ్లూ జీతం ఇవ్వండి.