విరామధావనము – పహిల్వాను దమ్ము

వేకువజామున నాలుగైదు మైళ్లు ఒకే తీరున పరుగెత్తిననేగాని దమ్ము నిలువదను మాట తాలీంఖానాలలో నేటికిని వినవచ్చుచున్నది. ఈ మాట తప్పు కాదు. చాలినది మాత్రము కాదు. అంతర్జాతీయ నియమములను బట్టి కుస్తీపట్టు మూడేసి నిమిషముల రెండు భాగములు, నడుమ 30 సెకండ్ల విరామము. ఒలింపిక్ బాక్సింగు మూడేసి నిమిషముల మూడు రౌండ్లు, నడుమ ఒక నిమిషము. ఆ స్వల్పకాలములోనే పహిల్వాను విజృంభించును, ఒదిగి నిలుచును, మరల విజృంభింపవలెను. ఏకరీతి పరుగు ఈ రెండవ విజృంభణమును నేర్పదు.

ఈ లోపమును తీర్చునది విరామధావనము. జర్మనీలో శిక్షకుడు గెర్ష్లర్, వైద్యుడు రైన్‌డెల్ దీనికొక శాస్త్రరూపము నిచ్చిరి. నాడి నిమిషమునకు 180 వరకు పెరుగునట్లు పరుగెత్తించి, అది 120 ప్రాంతమునకు దిగిన పిమ్మటనే మరల పరుగెత్తించెడివారు. 90 సెకండ్లలో దిగకున్న, ఆ పరుగు వానికి మించినదని భావించెడివారు. గెర్ష్లర్ శిష్యుడగు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషము 46.6 సెకండ్లలో ముగించెను. ఆ రికార్డు 1955 వరకు నిలిచెను. హృదయము బలపడునది విరామముననే యను వారి వాదము నేడు యథాతథముగ నిలువకపోయినను, నాడిని చూచి విశ్రాంతి నిచ్చు పద్ధతి విలువ తరుగలేదు. ఈ శిక్షణకు పేరు వచ్చినదే విరామమును బట్టి గదా!

అనుకరించువారు ఆ విరామమునే విడిచిపెట్టిరి. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మూడు స్వర్ణపతకములు గెలిచిన జాటోపెక్ ఎన్ని మారులు 400 మీటర్లు పరుగెత్తెనో లెక్కించిరి గాని, నడుమ నడుమ అతడు మెల్లగా పరుగెత్తి సేదదీరుటను గమనింపరైరి.

తబాటా పేరు చెప్పువారి దోషము మరియొకటి. 1996లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో 20 సెకండ్ల తీవ్రశ్రమ, 10 సెకండ్ల విశ్రాంతి ఏడెనిమిది మారులు సాగెను. ఆరు వారములలో ఊపిరి చాలని వేళ పనిచేయు శక్తి 28 శాతము పెరిగెను. గంటసేపు మితముగ శ్రమించినవారిలో అది పెరుగనే లేదు. ఇంతవరకు అందరును చెప్పుదురు. అది నేలమీది పరుగు కాదనియు, స్థిరముగ నిలిపిన సైకిలు తొక్కుట యనియు, తీవ్రశ్రమ జట్టువారును వారమున కొకదినము 30 నిమిషములు మితముగ తొక్కిరనియు చెప్పరు. ఈ సగము మాటను నమ్మి, ఎదుగుచున్న పిల్లలను గట్టి రోడ్డుపై పది సెకండ్ల విశ్రాంతితో తరుముట మోకాళ్లకు చేటు.

ఇక, పరుగు హృదయమును, ఊపిరిని పెంచునే గాని పిడికిటి పట్టును పెంచదు. దండీలు, బస్కీలు, జోడీతో పట్టు లేనిచో మూడవ నిమిషమున ఊపిరి నిలిచినను చేయి జారును.