పదముల వరుస, ప్రాణము వరుస

ఈ వారము నెల్లూరు జిల్లా మనుబోలులో మా బంధువుల యింట, ఇంటర్మీడియట్ బైపీసీ చదువుచున్న అమ్మాయి గోడకు అంటించుకొన్న కాగితమొకటి చూచినప్పటినుండి నా మనస్సు కుదుటబడలేదు. జీవక్రియల ఆంగ్లపదములను ఆ పిల్ల ఏ, బీ, సీల వరుసను వ్రాసికొని వల్లె వేయుచున్నది. మొదట అబ్సార్ప్షన్, దాని క్రింద అసిమిలేషన్, పిమ్మట డైజెషన్, ఆపైని ఎజెషన్, అన్నిటికిని కడపట ఇంజెషన్. అన్నమును నోటికి అందుకొనుట ఇంజెషన్. అది కడుపులో కరగుట డైజెషన్. కరగిన సారము పేగుగోడలగుండ రక్తములోనికి ఇంకుట అబ్సార్ప్షన్. ఆ సారము కణములను చేరి దేహమే యగుట అసిమిలేషన్. మిగిలిన పిప్పి వెలికిపోవుట ఎజెషన్. ఆ కాగితముమీద మాత్రము సారము ముందే ఇంకిపోయి, పిప్పియు వెలువడి, చిట్టచివరకు అన్నము నోట పడుచున్నది. "ఇదేం వరుసమ్మా?" అని అడుగగా, "ఈ వరుసైతే తొందరగా నోటికొస్తాది పెదనాయనా, బిట్లకి ఇది చాలు" అన్నది.

ఈ శీర్షికను విడువక చదువు మిత్రులకు నా పాతపట్టు తెలియనిది కాదు: చూపు ముందు, మాట పిమ్మట. తెలుగుమాధ్యమమా, ఆంగ్లమాధ్యమమా అను వాదము ఎంత పెరిగినను నేను ఈ పట్టు విడువలేదు. 2020 తరువాత మన రాష్ట్రపు పాఠ్యపుస్తకములలో తెలుగును ఆంగ్లమును ఎదురెదురు పుటలలో అచ్చువేయుట మేలైన పనియే. అయినను బాష్పోత్సేకమన్నను ట్రాన్స్పిరేషన్ అన్నను, ఆకుకు పాలితిన్ సంచి కట్టి, గడియసేపటికి లోపల పట్టిన చెమ్మను చూడని పిల్లకు రెండును ఒక్కటే బరువు. అంతేకాదు, మన పిల్లలు నామమును నేర్చి క్రియను విడుతురు. డైజెషన్ వచ్చును, డైజెస్ట్ రాదు. అబ్సార్ప్షన్ వచ్చును, అబ్సార్బ్ రాదు. క్రియ లేనిదే ఆంగ్లవాక్యము లేదు గనుక, ఏది దేనిని ఏమి చేయుచున్నదో ఆంగ్లమున ఒక్క వాక్యము చెప్పుమనగానే నోరు కట్టువడును.

పదములను సరియైన తీరున నేర్చినవారు నేనెరిగినంతలో మన తీరపు రొయ్యలరైతులు. మనుబోలు చుట్టును వరిపొలములే; తూర్పుగా సముద్రమువైపు సాగినకొలది వరి తగ్గి రొయ్యలగుంటలు ఎదురగును. 1990 దశకపు తొలియేండ్లలో టైగర్ రొయ్య మీది ఆశతో ఎందరో గుంటలు త్రవ్వించిరి. 1994 ప్రాంతమున వైట్‌స్పాట్ తెగులు వచ్చి వారిని నేలకూల్చినది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చిన పిమ్మట గుంటలు మరల నిండినవి. ఈ ఎత్తుపల్లముల నడుమ, బడి ముఖము అంతగా చూడని వారి నోట జీవశాస్త్రపు ఆంగ్లము ఇంటిమాటగా కుదిరినది. ఒకనాటి సాయంకాలము గట్టుమీద నాతో మాటాడుచునే ఒక రైతు పనివానిని పిలిచి, "అమావాస్య దగ్గిర పడతా ఉండాది, మౌల్టింగుకొస్తాయి, మేత తగ్గియ్యాల" అన్నాడు. రొయ్య పెరుగవలెనన్న పాతపెంకును విడువవలెను. విడిచినవేళ ఒడలు మెత్తనై, మేత ముట్టక, సాటిరొయ్యకే ఆహారము కాగలదు. క్రొత్తపెంకు గట్టిపడుటకు కాల్షియము, మెగ్నీషియము కావలెను. ఇదంతయు ఆ ఒక్క పదములో అతనికి ఇమిడియున్నది. ఆ పదము పంచాంగములోని తిథితోను, చెక్ ట్రేలో మిగిలిన మేతతోను, మినరల్స్ బస్తా ధరతోను ముడివడి యుండుటచేత మరపు రాదు.

గుంట యందలి ఒక అహోరాత్రము చూడుడు. పగలు నీటిలోని పచ్చని ప్లాంక్టన్ ఎండను గ్రహించి ఆక్సిజన్‌ను విడుచును. నీటిలోని కార్బన్ డయాక్సైడును వాడుకొనుటచే మధ్యాహ్నమునకు పీహెచ్ పెరుగును. ప్రొద్దు గ్రుంకగనే ఆ ప్లాంక్టనే, రొయ్యలతోను అడుగుమట్టి బాక్టీరియాతోను గూడి, ఆ ఆక్సిజన్‌ను హరించుటకు పూనుకొనును. కావుననే కోడికూతవేళకు నీటిలోని ఆక్సిజన్, రైతులు డీ.ఓ. అనునది, అడుగంటును; అది లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదని రాత్రియంతయు ఎయిరేటర్లు త్రిప్పుదురు. ఫొటోసింథసిస్, రెస్పిరేషన్ అను రెండు పాఠములును ఒక పగలు ఒక రాత్రిలో అక్కడ పూర్తియగుచున్నవి.

ఇంతవరకు వచ్చి, గుంట నా పట్టునకే సాక్ష్యము పలికినదని ముగింపవచ్చును. కాని ఆ సాక్ష్యమును నిదానముగ విచారించిన వేరొక సంగతి తోచుచున్నది. తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలుట అందరును చూచినదే. నీటిలోని ఆక్సిజన్‌ను ఎవరు చూచిరి? పెంకుమీది తెల్లని మచ్చలను చూడని రైతు లేడు. వానికి కారణమైన వైరస్‌ను ఎవరు చూచిరి? డీ.ఓ. అను మాట టెక్నీషియను చేతి మీటరుతోగూడ గట్టెక్కిన పిమ్మటనే రైతు ఆ తేలుటను దాని కారణముతో కలిపి చూడనేర్చెను. కరోనాతో 2020లో పీ.సీ.ఆర్. అను పేరు దేశమంతట మారుమ్రోగుటకు ఎన్నో ఏండ్లముందే, సీడ్, అనగా రొయ్యపిల్లలను, కొనుటకు మునుపు వానిలో వైరస్ లేదని తెలుపు పీ.సీ.ఆర్. రిపోర్టు అడుగుట ఈ తీరపు రైతులకు అలవాటైనది. అచ్చట గూడ మాట ముందు నడచినది, చూపు దాని వెంట వచ్చినది. ఆకుచెమ్మ వలె కంటబడు క్రియలు కొన్నియే. ఆస్మోసిస్, మైటోసిస్, రెస్పిరేషన్ వంటివి కణములలో నిశ్శబ్దముగ సాగునవి. వానిని పట్టుకొనుటకు మొదట మాటయే పిడి.

కావున వల్లె వేయుటను నిందించుట న్యాయము కాదు. మన పెద్దలు అర్థము తెలియని ప్రాయముననే పిల్లలచేత అమరకోశమును కంఠస్థము చేయించిరి; ఆ పదములు లోపల నిలిచియుండి, అర్థమునకు కాలము వచ్చినపుడు అక్కరకు వచ్చినవి. అయితే అమరసింహుడు తన కోశమును అకారాదిగా కూర్పలేదు. చెట్టుచేమలు వనౌషధివర్గమునను, మృగములు సింహాదివర్గమునను, ఏ జాతి పదములు ఆ జాతితో కూడియుండును. కంఠస్థము చేసినవానికి పదముతోబాటు దాని చోటును దక్కినది. ఈనాటి పట్టికలకు లోపించినది అదియే.

నెల్లూరు జిల్లా ఉపాధ్యాయులకు నా విన్నపము ఒక్కటి. ముందటి సాయంకాలము ఫొటోసింథసిస్, రెస్పిరేషన్, డిఫ్యూజన్, డీకంపొజిషన్ అను నాలుగు మాటలను పిల్లలచేత వల్లె వేయించుడు; ప్రతిదానికిని క్రియారూపమును చేర్చి ఒక్కొక్క వాక్యమును గూడ కంఠస్థము చేయించుడు. మరునాడు తెల్లవారకమునుపే వారిని దగ్గరి గుంటకు తీసికొనిపోయి, రైతు అనుమతితో డీ.ఓ. మీటరు చదివించి, మధ్యాహ్నము మరల చదివించుడు. ఆ రెండు అంకెలకు నడుమ ఏమి జరిగినదో ఆ వాక్యములతోనే ఆంగ్లమున చెప్పుమనుడు.