కురిసే స్లాబు మీద ఇంకో పొర

ముసురు పట్టిన మర్నాడు గరిడేపల్లిలో ఏ మేస్త్రీని పిలిచినా వినబడే మాట ఒకటే. "పైన రెండంగుళాలు చిప్స్ కాంక్రీటు పోసేద్దాం సారూ, ఇంక ఉరవదు." 2024 సెప్టెంబరు 1న నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర గండి పడింది. అదే వానకు కోదాడ వీధులు మునిగాయి. అప్పటి నుంచి మా వైపు ఈ సలహా మరీ ఎక్కువైంది. పాత స్లాబును కదపక్కర్లేదు, రెండ్రోజుల్లో పని అయిపోతుంది, ఖర్చు కూడా తక్కువ. ఇంటివాళ్లు ఒప్పుకోవడంలో వింత లేదు. నేను మాత్రం నన్ను అడిగిన ప్రతివాళ్లకూ ఆగమనే చెబుతాను.

ముందు బరువు సంగతి. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. వంద గజాల స్లాబు మీద రెండంగుళాలు పోస్తే పది టన్నుల పైమాటే. చదరపు మీటరుకు చూస్తే 120 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు, దాని సొంత బరువు కాక, చదరపు మీటరుకు 150 కిలోల భారం పడవచ్చని మన దేశపు ప్రమాణాలు లెక్కగడతాయి. అది వడ్లు ఆరబోసుకోవడానికి, పెళ్లినాడు పైకెక్కే చుట్టాలకు ఉంచిన జాగా. కొత్త పొర ఒక్కటే అందులో ముప్పావు వంతు పైగా తినేస్తుంది. అదీ ఎలాంటి స్లాబు మీద? తట్టలతో మోసి, చేత్తో కలిపి, సలాకల కింద ఏ గులకరాయో పెట్టి పోసిన పాత స్లాబు మీద.

బరువు ఒక్కటే కాదు, నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో కనిపెట్టడమూ కష్టమే. గూన పెంకుల ఇంట్లో ఈ చిక్కు లేదు. వానాకాలం ముందు కప్పెక్కి, పెంకులు తిరగేసి, పగిలినవి తీసి కొత్తవి పెట్టేవాళ్లు. లోపల నిలబడి తలెత్తితే వెలుతురు కనబడ్డ చోటే కన్నం. స్లాబు అలా చెప్పదు. నీళ్లు ఒకచోట దిగి, లోలోపల పారి, ఇంకెక్కడో చుక్క రాలుస్తాయి.

మా చిన్నమ్మ కొడుకు ఇంట్లో నడిగదిలో, ఫ్యాను కొక్కెం దగ్గర కారేది. "అన్నా, మొత్తం ఒక పొర ఏపిస్తే పీడ పోతది గదా" అన్నాడు. ఒక పెద్ద మేస్త్రీని తీసుకొని పైకెక్కాం. ఆయన చేతిలో చిన్న సుత్తి తప్ప ఏమీ లేదు. వంగి, అడుగడుక్కీ కొడుతూ, చెవి పెట్టి వింటూ పోయాడు. చాలా దూరం కంగుమంది. పడమటి పిట్టగోడ మొదట్లోకి రాగానే డొల్ల చప్పుడు. అక్కడే గోడకూ స్లాబుకూ మధ్య బీటలో వేలెడంత రావి మొలక ఉంది. "ఈ పైపొర లేపితేగానీ తెల్వది" అన్నాడు. లేపితే కింద అంతా తడి మట్టి. ఎప్పుడో ఎవరో వేసిన గచ్చు, స్లాబును వదిలేసి విడిగా కూర్చుంది. ఆ సందులోకి దిగిన నీళ్లే కొక్కెం దాకా వచ్చాయి. దాని మీద ఇంకో రెండంగుళాలు పోసి ఉంటే నీళ్లు ఆ సందులోనే నిలిచేవి, మనకు మాత్రం కనబడకుండా పోయేవి.

కనబడని తడే సలాకను తింటుంది. తుప్పు పట్టిన ఇనుము, అసలు ఇనుముకు రెండింతల పైగా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికే కింది సిమెంటు పెచ్చులుగా రాలుతుంది. అందుకే పైన ఏం వేయాలో తేల్చుకునే ముందు కింద నిలబడి చూడాలి. సలాకల వరసలో గోధుమరంగు చారలున్నాయా? సున్నం ఉబ్బిందా? ఆ తర్వాత తూము మూసి, మిద్దె మీద నీళ్లు నిలిపి, ఒకటి రెండు రోజులు ఆగాలి. ఎక్కడ ఇంకుతున్నదో అప్పుడు తెలుస్తుంది.

అమెరికాలో మన పిల్లలు కొనుక్కునే ఇళ్లకు తారు పలకల కప్పులుంటాయి. అక్కడా పాతదాని మీద కొత్తది వేయాలా అనే తర్జనభర్జన ఉంది. అయితే ఇప్పటికే రెండు పొరలుంటే మూడోది వేయనివ్వరు, అన్నీ ఊడబెరకాల్సిందే. మన దగ్గర ఎన్ని పొరలున్నాయో లెక్కబెట్టేవాళ్లే లేరు.

పొర అసలే వద్దని కాదు. స్లాబు గట్టిగా మోగి, కింద చారలు లేకుండా, వాటం తూము వైపే ఉంటే, పైపైన పలుచటి వాటర్‌ప్రూఫ్ పూత చాలు. అది బరువు కాదు. డొల్లబారిన గచ్చయితే ఎండాకాలంలోనే కొట్టించి, పిట్టగోడ మొదలు గుండ్రంగా పూయించి, వాటం చూసి కొత్తగా వేయించాలి. వానలు మొదలయ్యాక ఆ పనికి దిగకూడదు.

అసలు ఇబ్బంది కూలి దగ్గరుంది. పోసినందుకే మేస్త్రీకి డబ్బులిస్తాం, చూసి చెప్పినందుకు ఇవ్వం. ఒక పూటంతా సుత్తితో కొట్టి "పోయక్కర్లేదు" అన్న మనిషి చాయ్ తాగి ఉత్త చేతులతో ఇంటికి పోతాడు. ఆ పూటకు రోజు కూలి పూర్తిగా ఇవ్వండి. సలాకలు బయటపడ్డ గది అయితే మాత్రం మేస్త్రీతో ఆగకండి. మంచాలు తీసేసి, కింద పోట్లు పెట్టించి, ఇంజినీరును పిలిపించండి.