పొడిపొడి ఖీమా, మెత్తటి బన్ను, కాస్త దోసావకాయ

విజయవాడ పటమటలో ఆదివారం పొద్దున మాంసం కొట్టు దగ్గర ముక్కలు కొట్టించుకునేవాళ్లు త్వరగానే వెళ్లిపోతారు. ఖీమా కావాలన్నవాళ్లు ఆగాలి. "చేత్తోనా, మిషన్‌లోనా అమ్మా?" అని అడుగుతాడు కొట్టాయన. సగం వంట ఆ ప్రశ్నకు మనమిచ్చే జవాబులోనే ఉంది. "చేత్తోనే కొట్టన్నా, ఉంటాను" అనాలి. ఆ పావుగంట ఎదురుచూపు దండగ కాదు.

మిషన్ మాంసాన్ని నొక్కి, నలిపి, చిల్లుల్లోంచి తోస్తుంది. ఆ ఒత్తిడికి కొవ్వు మెత్తబడి మాంసానికి పూసుకుంటుంది. వండేసరికి ముద్దలు కడుతుంది. చింత మొద్దు మీద కత్తితో కొట్టిన ఖీమా అలా కాదు. చింతచెక్క గట్టిది, పేడు లేవదు. కత్తి పడ్డచోట మాంసం తెగుతుందే గాని నలగదు. ఏ పలుకుకు ఆ పలుకు విడిగా ఉంటుంది. తొడ మాంసం ఒక్కటే తీసుకుంటే ఎండిపోతుంది కాబట్టి జబ్బ కూడా కలిపించి, కాస్త కొవ్వు ఉంచమనాలి. ఇంకో మాట: కడగడమేదో ముక్కగా ఉన్నప్పుడే కడిగించి, నీళ్లు ఓడ్చి, తర్వాత కొట్టించాలి. ఖీమా అయ్యాక కడిగితే సగం రుచి నీళ్లలో పోతుంది, మిగతా సగం నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది.

ఈ పొడిపొడి ఖీమాను రొట్టెలో పెట్టుకు తినడం మన దగ్గర ఒక్కచోటే పుట్టిన అలవాటు కాదు. బొంబాయి ఇరానీ హోటళ్లలో ఖీమా పావ్ ఉంది. హైదరాబాదులో ఖీమాను నలుచదరపు లుఖ్మీలో పెడతారు, పొద్దున ఖిచిడీ, ఖట్టాలతో కలిపి తింటారు. అమెరికాలో మొక్కజొన్న పండే అయోవా రాష్ట్రంలోనూ ఇదే జాతి వంట ఒకటుంది. మస్కటీన్ అనే ఊళ్లో 1926లో ఫ్రెడ్ ఏంజెల్ అనే మాంసం వ్యాపారి మొదలుపెట్టిన మెయిడ్-రైట్ హోటళ్లు దాన్ని అక్కడ ఇంటింటికీ తెలిసేలా చేశాయి. అక్కడ వాడేది గొడ్డుమాంసం. బిళ్లగా ఒత్తరు, టమాటా రసంలో ముంచరు. తన నీళ్లలోనే ఉడికించి, పొడిగా విడదీసి, మెత్తటి బన్నులో పోసి, ఉల్లిపాయ, ఆవ ముద్ద, ఊరవేసిన దోసకాయ పెడతారు. రాలిన మాంసం ఏరుకోవడానికి చెంచా కూడా ఇస్తారు.

ఆవ, దోసకాయ! కృష్ణా జిల్లా ఇంట్లో ఆ రెండూ ఒకే జాడీలో ఉంటాయి. పచ్చి దోసకాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి మూడో రోజుకల్లా తినే దోసావకాయను ఖీమా పక్కన పెట్టి చూడండి. కొవ్వు మొహం మొత్తేలోపే ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంది, దోసకాయ కరకరమంటుంది. అంత దూరాన వాళ్లు పట్టుకున్న రుచి సూత్రం మనకు ఎప్పటినుంచో చేతిలోనే ఉంది. ఈ వంటను పటమట ఇంట్లో వండుకోవాలని నేను ఇంత గట్టిగా అనడానికి మొదటి కారణం అదే.

ఇక పొయ్యి దగ్గరికి. ముక్కల కూరకు ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ముందే పట్టించి ఉంచడం మన అలవాటు. దీనికి ఆ పని చెయ్యొద్దు. ఉప్పు పచ్చి మాంసంలోని మాంసకృత్తులను కరిగించి జిగురు తెస్తుంది. కబాబులకు, ఖీమా ఉండలకు ఆ జిగురే కావాలి, అందుకే ఉప్పేసి పిసుకుతారు. మనకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. మందపాటి మూకుట్లో అరకిలో ఖీమా వేసి, పావు గ్లాసు చన్నీళ్లు పోసి, పొయ్యి వెలిగించకముందే అట్లకాడతో విడదీయాలి. తర్వాత మధ్యరకం మంట. మాంసం రంగు మారేదాకా చెయ్యి ఆగకూడదు. ఒకసారి ముద్దకట్టి ఉడికిందంటే ఆ ముద్దను మళ్లీ విడగొట్టలేం.

రంగు మారాక ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి. అర గ్లాసు వేడినీళ్లు పోసి మూత పెట్టి, సన్నసెగ మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. మేకమాంసానికి ఆ మాత్రం ఓపిక కావాలి. పెద్దమాంసం వండుకునే ఇళ్లలో ఇంకాస్త సేపు, ఇంకాస్త నీళ్లు. చికెన్‌కు పది నిమిషాలు చాలు, మించితే పిప్పి అవుతుంది. కుక్కర్ మాత్రం వద్దు. పలుకంతా మెత్తబడి ముద్దయిపోతుంది.

మూత తీశాక చెవి పెట్టి వినాలి. నీళ్లున్నంతసేపూ కుతకుత, నీళ్లు ఇంకగానే చిటపట. ఆ చిటపటలో రెండు నిమిషాలు కదపకుండా వదిలితే అడుగున పలుకులు ఎర్రబడతాయి, వేపుడు రుచి వస్తుంది. వేరే బాణలిలో సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి ఇందులో కలపాలి. మిరియాల పొడి, ధనియాల పొడి, చిటికెడు గరం మసాలా. టమాటా వద్దు. టమాటా పడిందంటే అది అన్నంలోకి కూర అవుతుంది, బన్ను తడిసి చేతిలోనే విడిపోతుంది. చివర రెండు చెంచాల వేడినీళ్లు చిలకరించి దించితే పొడిగానూ ఉంటుంది, గొంతుకు అడ్డమూ పడదు.

బేకరీ బన్ను తియ్యగా ఉంటే ఇబ్బందేం లేదు, కారానికి ఆ తీపి నప్పుతుంది. నిన్నటిదైతే ఇడ్లీపాత్ర ఆవిరిలో నిమిషంసేపు పెట్టండి, గట్టిపడ్డ బన్ను మళ్లీ మెత్తబడుతుంది. తర్వాత రెండుగా కోసి, లోపలి వైపు వెన్న రాసి పెనం మీద ఎర్రగా కాల్చాలి. ఆ వెన్న, ఆ కాలిన పొర ఖీమా తడిని బన్నులోకి దిగనివ్వవు.

రెండో కారణం పొదుపు. అరకిలో ముక్కల్లో ఎముకలు పోను మిగిలేది ఎంతో మనకు తెలుసు. అరకిలో ఖీమా ఆరు బన్నులకు వస్తుంది. పళ్లూడిన తాతయ్య, ఇంకా పళ్లు గట్టిపడని మనవడు ఒకే పళ్లెంలోది తినగలరు. మాంసం ధర చూసి వెనకాడే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. కొట్టిన మాంసంలో గాలి తగిలే భాగం ఎక్కువ కాబట్టి త్వరగా చెడుతుంది. తెచ్చిన రోజే వండాలి, పచ్చిదనం ఎక్కడా మిగలకుండా ఉడికించాలి.

వండింది మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. సోమవారం పొద్దున పెసరట్టు పోసి, అది తడి ఆరుతుండగా వేడి చేసిన ఖీమా రెండు గరిటెలు పరిచి, పచ్చి ఉల్లిపాయ చల్లి మడవండి. ఆ పూట ఉప్మా అక్కర్లేదు.